ఒట్టి చేతుల మీద ఒక కార్డు

గల్ఫ్‌లో ఏం పని చేశావని ఎవరైనా అడిగితే చెత్త ఎత్తానని చెప్తాను. అది అబద్ధం కాదు. కానీ మా ఎల్లారెడ్డిలో ఎవరూ నమ్మరు. నూనె బావి మీద పనిచేసినవాడికి చెత్తేంటి, బాగా వెనకేసుకుని దాస్తున్నాడు అనుకుంటారు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో ఒకాయన నా భుజం మీద చెయ్యేసి, "సముద్రంల చెత్త ఏడికెళ్లి వస్తది భాయ్, జర నిజం చెప్పు" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. మొదటి నుంచీ చెప్తే నేను దాస్తున్నది బయటికొస్తుంది. నేను దాస్తున్నది డబ్బు మాత్రం కాదు.

ముందు ఆ చెత్త సంగతి చెప్తాను. సముద్రం నడుమ ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన పెద్ద కట్టడం ఉంటుంది. దాన్ని రిగ్గు అంటారు. దాని మీంచి సముద్రం అడుగున, ఇంకా దాని కింద, మైళ్ల లోతుకు బోరు వేస్తారు. రాయి కోసే పళ్లు వేడెక్కకుండా పైపులోంచి కిందికి ఒక చిక్కటి బురద పంపుతారు. అది మన పొలం బురద కాదు. డీజిల్ లాంటి నూనె, రకరకాల మందులు, బరువు కోసం రాతిపిండి కలిపి చేసిన బురద. అది కిందికి పోయి, తెగిన రాతి ముక్కలను మోసుకుని పైకి వస్తుంది. పైన మంచమంత జల్లెళ్లు గడగడా ఊగుతుంటాయి. బురద జల్లెడలోంచి కిందికి కారి మళ్లీ పనికొస్తుంది. జల్లెడ మీద మిగిలిన రాతి ముక్కలే చెత్త. నూనె పట్టిన రాయి కాబట్టి సముద్రంలో పారబోయకూడదు, చేపలు చస్తాయి. గుండ్రంగా తిరిగే ఒక యంత్రంలో వేసి వీలైనంత నూనె పిండుతారు. మిగిలిన దాన్ని ఇనుప పెట్టెల్లో నింపి, మూత బిగించి, క్రేనుతో పడవకు ఎక్కించి ఒడ్డుకు పంపుతారు. అక్కడ పెద్ద పొయ్యిలో కాల్చి, మిగిలిన నూనె కూడా తీసి, బూడిదను ప్లాస్టిక్ పరిచిన గుంతలో పూడుస్తారు.

ఇంత జాగ్రత్త నేను మనిషి విషయంలో ఎక్కడా చూడలేదు.

నా పని పెట్టెలు నింపించడం, మూత మీద తెల్ల పెయింటు పెన్నుతో పెట్టె నంబరు, లోతు, బరువు రాయడం. ఎల్లారెడ్డిలో తెలుగు బడిలో చదివి, కామారెడ్డిలో డిగ్రీ సగంలో వదిలేసినవాడిని. ఆ సగం డిగ్రీకి దొరికిన గౌరవం ఆ పెయింటు పెన్ను. మొదట్లో ఒకసారి నేను రాసిన ఏడును ఒకటి అనుకుని ఒడ్డున పెట్టెలు తారుమారు చేశారు. నన్ను నిలబెట్టి తిట్టారు. అప్పటి నుంచి ఏడు నడుముకు అడ్డంగా గీత గీయడం అలవాటు చేసుకున్నాను. ఆ రిగ్గు మీద అట్లా గీసేవాడిని నేనొక్కడినే.

అది చూసి అన్న నవ్వేవాడు. "ఏడుకు దట్టీ కట్టినవ్ గదా తమ్మీ, పీరీల పండుగకు తోలుకపోతవా?" అనేవాడు. మొహర్రంలో పీరీల నడుముకు చుట్టే గుడ్డను మా దిక్కు దట్టీ అంటారు.

అన్న అంటే సొంత అన్న కాదు. సదాశివనగర్ రైతు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. గల్ఫ్‌కు పోతూ ముంబై రైలు కోసం కామారెడ్డి స్టేషన్లో కూచున్న రోజు పరిచయం. నాకు అమ్మీ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా బస్సులోనే మర్చిపోయి దిగాను. ఎవరికీ చెప్పకుండా బెంచీ మీద మొహం వేలాడేసుకుని ఉంటే, పక్కనున్న మనిషి గుడ్డ విప్పి, జొన్నరొట్టె నడిమికి విరిచి, మీద పచ్చిమిర్చి తొక్కు పెట్టి చేతికిచ్చాడు. పేరు కూడా అడగలేదు. మా ఇంట్లో ఉర్దూ, వాళ్లింట్లో తెలుగు, మా ఇద్దరికీ ఏజెంటు ఒక్కడే. ఆ రొట్టె తిన్నప్పటి నుంచి అన్న అనే పిలిచాను.

అన్నది జల్లెళ్ల దగ్గర పని. చిరిగిన జల్లెడ మార్చాలి, పేరుకుపోయిన రాతిపొడిని పారలాంటి దానితో లాగాలి, బురద పొంగితే చూసుకోవాలి. పొద్దంతా ఆ చప్పుడులో, ఆ నూనె ఆవిరిలో నిలబడాలి. రైతుకు నిలబడటం కొత్త కాదు కాబట్టి నిలబడ్డాడు. కానీ ఒక్క అలవాటు మాత్రం మానలేదు.

మా దిక్కు రైతు ఎవరైనా సరే, కొత్త నేల కనపడితే ముందు వంగి చిటికెడు మట్టి తీస్తాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలుపుతాడు. వాసన చూస్తాడు. అప్పుడు గానీ ఆ నేల గురించి మాట్లాడడు. కౌలుకు పట్టే పొలమైనా, పిల్లనిచ్చే వాళ్ల పొలమైనా అంతే. అన్న సముద్రం నడుమకు పోయినా అదే చేశాడు. మైళ్ల లోతు నుంచి కొత్త రాయి వచ్చిన ప్రతిసారీ గ్లౌజు తీసేసి, చిటికెడు తీసి నలిపేవాడు. గ్లౌజుతో ముట్టుకుంటే తెల్వది తమ్మీ అనేవాడు.

"పొద్దుటి దానికంటె మెత్తగున్నది. సౌడు మన్ను లెక్క జారుతున్నది. కింద నేల మారుతున్నది సూడు" అన్నాడు ఒకరోజు. ఒక గంట తర్వాత రాళ్లను పరీక్షించే ఇంజినీరు భూతద్దంలో చూసి అదే మాట చెప్పాడు. మేమతన్ని రాళ్ల సార్ అనేవాళ్లం. ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత పరీక్ష కోసం రాయి కావలసినప్పుడల్లా "కిసాన్‌ను పిలవండి" అని కబురు పెట్టేవాడు. అన్న ఒట్టి చేత్తో నూనె బురదలోంచి రాయి తీసి, నలిపి, చెప్పి, చిన్న గుడ్డ సంచిలో పోసి ఇచ్చేవాడు. సార్ భుజం తట్టేవాడు. ఆ రోజు అన్న మొహం చూడాలి. పంట పండినప్పుడు కూడా అట్లా వెలిగి ఉండదేమో. ఇంటికి ఫోన్ చేసి, నేను చెప్పంగనే సారు రాసుకుంటడు అని వదినెకు చెప్పేవాడు.

ఇక కార్డు సంగతి. రిగ్గు మీద ప్రతివాడూ వారానికొక సేఫ్టీ కార్డు రాయాలని రూలు. ఎక్కడ ప్రమాదం కనిపించింది, దానికి నువ్వేం చేశావు, రెండు గళ్లు. పేరు రాయనక్కర్లేదు. కింద చింపుకునే చిన్న ముక్క మీద నంబరుంటుంది, నెలాఖరుకు మంచి కార్డుకు బహుమతి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కార్డు వెనక్కొచ్చేది. కార్డు ఇవ్వనివాడికి సేఫ్టీ సారు అందరి ముందు క్లాసు పీకేవాడు. దేవుడి దయవల్ల ప్రమాదాలు వారానికొకటి దొరకవు. అందుకని మేమంతా మెట్ల మీద నీళ్లు, వదులైన నట్టు, లైటు రాలేదు అని ఏదో ఒకటి అల్లేవాళ్లం.

ఒక వారం నాకేమీ తట్టలేదు. గడువు ఆ సాయంత్రమే. ఇరవైయేడో నంబరు పెట్టె దగ్గర నిలబడి ఉన్నాను. ఎదురుగా అన్న గ్లౌజు తీసి రాయి నలుపుతున్నాడు. రాసేశాను. మొదటి గడిలో: 27వ పెట్టె దగ్గర, జల్లెళ్ల మనిషి ఒట్టి చేతులతో నూనె రాయి ముట్టుకుంటున్నాడు. అంతవరకు నిజం. రెండో గడి మిగిలింది, నువ్వేం చేశావు అని. నేనేమీ చేయలేదు. అన్నను ఒక్కనాడూ వద్దనలేదు, నిజం చెప్తే నేనూ ముచ్చటపడి చూసేవాడిని. ఖాళీగా వదిలితే వెనక్కొస్తుంది. అందుకని రాశాను: చాలాసార్లు చెప్పాను, వినలేదు.

ఇంగ్లీషులో నాలుగైదు మాటలు. రాయడానికి చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు.

ఆ నెల బహుమతి నా కార్డుకే వచ్చింది. స్టీలు ఫ్లాస్కు. అందులో ఏం రాశానో అన్నకు చెప్పలేదు. ఫ్లాస్కు చూసి అన్న సంతోషపడ్డాడు. "అమ్మకు పంపు తమ్మీ, చాయ్ వేడిగుంటది" అన్నాడు. సేఫ్టీ సారు అన్నను పిలిచి కొత్త గ్లౌజులిచ్చి, ఇచ్చినట్టు సంతకం పెట్టించుకున్నాడు. అవి చుక్కలున్న గుడ్డ గ్లౌజులు. నూనె అరగంటలో లోపలికి దిగేది. పది రోజులు తిరక్కుండానే రాళ్ల సార్ మళ్లీ కిసాన్‌ను పిలవమన్నాడు. గ్లౌజుతో తీసిస్తే, ఒట్టి చేత్తో నలిపి చెప్పు, తొందరగా, అని కసిరాడు. పక్కనే ఉన్నాను. చెవులారా విన్నాను. దాని మీద ఎవరూ కార్డు రాయలేదు. పెద్దవాళ్ల మీద కార్డు రాసే ధైర్యం మాలో ఎవడికి ఉంది.

అన్న చేతులు మొదట దురద పెట్టాయి. తర్వాత ఎర్రబడి, పగిలి, చర్మం పొరలు పొరలుగా లేచింది. కొబ్బరినూనె రాశాడు. రిగ్గు మీద కాంపౌండరు తెల్ల మందు ఇచ్చాడు. అన్నం వేళ్లకు మంటగా ఉందని చెంచాతో తినడం మొదలుపెట్టాడు. సదాశివనగర్ మనిషి పప్పన్నం చెంచాతో తింటుంటే మెస్సులో అందరూ ఆటపట్టించారు. సిగ్గుతో నవ్వాడు. ఆ తర్వాత చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు పెట్టెలు తీసుకుపోయే పడవలోనే అతన్నీ ఒడ్డుకు పంపారు. పెట్టెలకు మాత్రం నేను మూతలు బిగించి, నంబర్లు రాసి, రెండుసార్లు సరిచూశాను. అన్నకు పై నుంచి చెయ్యూపాను. అతను జేబులోంచి చెయ్యి తీయలేదు.

ఒడ్డు ఆసుపత్రి నుంచి అటే ఇంటికి పంపించేశారు. తప్పు అతనిదేనని కాగితం ఇచ్చారు.

కొన్ని నెలలకు నేను సెలవు మీద ఎల్లారెడ్డి వచ్చాను. విని అన్న కామారెడ్డి వచ్చి, లింగంపేట మీదుగా బస్సు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. చేతులకు తెల్లటి పాత గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. అమ్మీ చూసి, అయ్యో బిడ్డా అని, లోపలికి పోయి కళ్లు తుడుచుకుంది. అదే ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చింది. అన్న రెండు మణికట్లతో గ్లాసు పట్టుకుని తాగాడు.

తర్వాత ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీశాడు. "కామారెడ్డిల గల్ఫోళ్ల అర్జీలు తీసుకునే కాడికి పోయిన తమ్మీ. నా తోటి పని చేసినోడు ఒగలు సాక్ష్యం రాసియ్యాలె అన్నరు. రాళ్ల సారే సేతుల్తోని ముట్టుమన్నడని. నువ్వు సూసినవ్ గదా" అన్నాడు. చూశానన్నాను. "కంపెనోడు నా అర్జీకి జవాబు పంపి, దానికి ఇంకేదో కాగితం గూడ జత చేసిండు. ఇంగిలీషు నాకేం తెల్సు. నువ్వు సదువు."

జత చేసింది జిరాక్సు. నా కార్డు జిరాక్సు. నా అక్షరాలు నాకే అసహ్యంగా కనిపించాయి. పై ఉత్తరంలో కంపెనీ వాళ్లు రాసింది ఒకే ఒక్క వాదన. తోటి కార్మికుడు చాలాసార్లు హెచ్చరించినా ఇతను వినలేదు, కాబట్టి వైద్యానికి గానీ నష్టపరిహారానికి గానీ మాకు బాధ్యత లేదు. నేను గడి నింపడానికి రాసిన ఆ మాట మీదే మొత్తం నిలబెట్టారు.

ఇరవైయేడో పెట్టె దగ్గర గ్లౌజులు లేకుండా పనిచేశావని రాసి ఉందన్న, అంతే, అన్నాను.

"అంతేనా?"

"అంతే."

అన్న నా మొహంలోకి కాసేపు చూశాడు. కాగితం తీసుకుని, మణికట్టుతో ఒత్తి మడిచి, కవర్లో పెట్టుకున్నాడు. సాక్ష్యం రాసిస్తావా అన్నాడు. పది రోజుల్లో నాకు తిరుగు ప్రయాణం ఉంది. పని చేస్తున్న కంపెనీ మీద రాసిస్తే విమానం ఎక్కేలోపే వీసా పోతుంది. పైగా సాక్ష్యం రాస్తే, కార్డెవరు రాశారని ఎవరో ఒకరు అడుగుతారు. భయపడ్డాను. ఇదొక్క ఒప్పందం ముగియనీ అన్న, వచ్చి రాసిస్తాను అన్నాను. "నీ నోటికాడి కూడు నేనెందుకు తీస్త తమ్మీ" అని లేచాడు. బస్టాండు దాకా తోడుపోయాను. దారిలో వానల గురించి మాట్లాడుకున్నాం.

ఒప్పందం ముగిసింది. ఇంకోటి చేసుకున్నాను. మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో అన్న రంజాన్‌కోసారి, బక్రీద్‌కోసారి ఫోన్ చేసేవాడు. సాక్ష్యం మాట ఒక్కసారీ ఎత్తలేదు. చేతులెట్లున్నాయని నేను అడిగితే, "ఉన్నయ్ తీయ్, ఏడికి పోతయ్" అనేవాడు. నేను మాత్రం వారం వారం కార్డులు రాస్తూనే ఉన్నాను. రెండో గడిలో అబద్ధం రాయడం ఎవరూ మానలేదు, నేనూ మానలేదు. మానితే ఏమయ్యేదో తెలీదు, మానే ధైర్యం మాత్రం లేదు.

చివరికి అక్కడి బావుల పని అయిపోయి రిగ్గును లాక్కుపోయారు. నన్నూ ఇంటికి పంపారు. ఈ వేసవిలో సాక్ష్యం కాగితం శుభ్రంగా రాసుకుని సదాశివనగర్ పోయాను. ఇంట్లో లేడు, పొలం దగ్గర బోరు వేయిస్తున్నాడని వదినె చెప్పింది.

పొలంలో బోరు లారీ చెవులు పగిలేలా మోగుతోంది. తెల్లటి రాతిపొడి లేచి పక్కనున్న మక్క చేను మొత్తం కప్పేసింది. బురద కాలువ కట్టి చాళ్లలోకి పోతోంది. ఇక్కడ జల్లెడ లేదు, పెట్టె లేదు, మూత లేదు. లారీ వాళ్లు ఒక్కో పైపు దిగినప్పుడల్లా పొడిని చిన్న కుప్పగా పక్కన పోస్తున్నారు. ఏ లోతులో ఏ రాయో దాన్ని బట్టి చెప్తారు. అన్న ఆ కుప్పల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతుల మీద పుళ్లు మానాయి. కానీ వేళ్లు నున్నగా, తోలు చెప్పులా మెరుస్తున్నాయి. చిటికెడు పొడి తీసి నలిపాడు. మళ్లీ నలిపాడు. తర్వాత దాన్ని పెదవికి రాసుకుని చూశాడు.

నన్ను చూసి పలకరించలేదు, రమ్మని సైగ చేశాడు. "నువ్వు జర ముట్టి సూడు తమ్మీ. నా ఏళ్లకు తెలుస్తలేదు. మెత్తగైందా, గట్టిగనే ఉన్నదా?"

వంగి ముట్టుకున్నాను. ఆరేళ్లు రాతిపొడి పెట్టెల్లో నింపినవాడిని. నాకది ఒట్టి పొడిలాగే ఉంది. మెత్తనో గట్టో ఏమీ తెలియలేదు. ఆ సంగతే చెప్పాను. "గంతే గదా. నువ్వు రాసేటోనివి" అన్నాడు. కోపంగా అనలేదు.

పొడి ఎగరని చోట గట్టు మీద కూర్చున్నాం. కాగితం తీసి చదివి వినిపించాను. రాళ్ల సార్ పిలిచింది, కసిరింది, గ్లౌజుల్లోకి నూనె దిగింది, అన్నీ రాశాను. అన్న బోరు వైపే చూస్తూ విన్నాడు. అయిపోయాక, "కార్డు సంగతి రాసినవా?" అని అడిగాడు.

చదివిన కాగితాన్ని మడవబోయాను.

"అది నీ కార్డని నాకు ఆ దినమే ఎరుక" అన్నాడు. "ఇంగిలీషు రాకపోతే ఏంది. ఇరవైయేడుల ఏడుకు దట్టీ కట్టి ఉండె. నీ పెట్టెల మీద దినాం సూసిన అంకె అది. గా రిగ్గు మీద గట్ల గీసేటోడు ఇంకొకడు లేకుండె."

అన్నకు తెలుసు. కంపెనీ వాళ్ల కాగితం చేతికొచ్చిన రోజే తెలుసు. ఎవరితోనైనా చదివించుకుని ఉంటాడు కూడా, కామారెడ్డిలో ఇంగ్లీషు చదివేవాళ్లకు కొదవా. అయినా రెండు చేతులకు గుడ్డలు చుట్టుకుని బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. ఆ ఫ్లాస్కు చాయ్ తాగాడు. నేను అబద్ధం చెప్తుంటే విన్నాడు.

"మరి నన్నెందుకు చదవమన్నవన్న?" అన్నాను.

"నువ్వే చెప్తవేమోనని" అన్నాడు. "ఆ దినం చెప్పకపోతివి. ఇయ్యాల గాకుంటె రేపు చెప్తవ్ అనుకున్న. మూడేండ్ల సంది పండుగ పండుగకు ఫోన్ జేసిన. అందుకే జేసిన."

ఏడ్చాను. అన్న ఓదార్చలేదు. ఓదార్చమని అడిగే ముఖం కూడా నాకు లేదు. జేబులోంచి పెన్ను తీసి కాగితం కింద రాశాను. ఆ కార్డు రాసింది నేనే. చాలాసార్లు చెప్పానని రాసింది అబద్ధం. ఒక్కసారి కూడా చెప్పలేదు. గడి ఖాళీగా ఉంటే కార్డు వెనక్కొస్తుందని రాశాను. సంతకం చేసి ఇచ్చాను. దీంతో ఇప్పుడు ఏమైనా అవుతుందో లేదో నాకు తెలీదు. రిగ్గు ఎక్కడికి పోయిందో, ఆ సేఫ్టీ సారు ఎక్కడున్నాడో తెలీదు. మూడేళ్ల కింద ఇచ్చి ఉంటే పనికొచ్చేదేమో.

అన్న ఆ కాగితాన్ని రెండు అరచేతుల నడుమ పట్టుకుని కాసేపు చూశాడు. మళ్లీ నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు సదువు" అన్నాడు.

బోరు లారీ చప్పుడులో అతనికి వినపడేలా గట్టిగా చదివాను. ఈసారి ఒక్క మాట కూడా వదల్లేదు.